పాత రైఫిల్ కొనబోయే తాతలకు

(మేడ్చల్‌లో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమని పిలుస్తూ ఒక షరతు పెట్టారు. పెన్షన్ గురించి వద్దు, చక్కెర వ్యాధి గురించి వద్దు, అవి పోయిన సంచికలోనే చాలా అయ్యాయి అన్నారు. ఆ రెండూ తీసేస్తే మన దగ్గర మిగిలేది మనవలూ మనవరాళ్ళే గనుక వాళ్ళకు సంబంధించిన ఒక కొనుగోలు గురించి చెబుతాను. గత ఏడాది కాలంలో మన సభ్యులే నలుగురు నాకు ఫోన్ చేసి "మా వాడు రైఫిల్ కావాలంటున్నాడు, కొత్తది కొనలేం, పాతది ఎక్కడో వుందట, ఏం చూడమంటారు?" అని అడిగారు. నలుగురికి విడివిడిగా చెప్పినదే ఇక్కడ ఒక్కసారిగా చెబుతున్నాను. నేను షూటర్ని కాను. బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో పరికరాల విభాగంలో 34 ఏళ్ళు పని చేశాను. ప్రెషర్ గేజీలు సరిచూడడం నా ఉద్యోగం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తరువాత నవ్వుకోవడానికి పనికొస్తుంది.

రైఫిల్ అనగానే మనలో చాలామందికి కీసరగుట్ట శివరాత్రి జాతరలో బుడగలు పగలగొట్టే తుపాకీ కళ్ళ ముందు మెదులుతుంది. రూపాయికి అయిదు గుండ్లు కొట్టినవాళ్ళం మనం. ఆ తుపాకీ నలుగురు కూర్చుని నవ్వుకోవడానికి చేసినది, దాని గొట్టం కొంచెం వంకరగా వుంటేనే దుకాణదారుకు గిట్టుబాటు. పోటీలకు వాడే ఎయిర్ రైఫిల్ వేరు జాతి. పది మీటర్ల దూరంలో కాగితం మీద నల్లటి వృత్తం వుంటుంది. దాని అడ్డుకొలత 30.5 మిల్లీమీటర్లు, అంటే 1970ల చివర మనం జేబులో వేసుకున్న పెద్ద రూపాయి బిళ్ళ కన్నా ఒక్క పిసరు పెద్ద. దాని మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజ దానికంటే పెద్దది. పోటీలో అరవై గుండ్లు నిలబడి కొట్టాలి. ఒక్కో గుండుకు ఎక్కువలో ఎక్కువ 10.9 పాయింట్లు, మొత్తం 654. గెలుపు ఓటములు దశాంశ స్థానంలో తేలతాయి. కనుక ఈ రైఫిల్ నాకు తుపాకీలా కాక కొలత పరికరంలాగానే కనిపిస్తుంది.

ఇక ధర సంగతి. మంచి పేరున్న జర్మన్, ఆస్ట్రియన్ రైఫిళ్ళు కొత్తవైతే రెండు లక్షలు దాటి మూడు లక్షల పైకి కూడా పోతాయి. కోటు, ప్యాంటు, బూట్లు, గ్లవ్ వేరే. అందుకే అందరూ పాతదాని కోసం వెతుకుతారు. గగన్ నారంగ్ సంగతి మీరు పేపర్లలో చదివే వుంటారు. 1983లో చెన్నైలో పుట్టి మన హైదరాబాదులో పెరిగిన కుర్రాడు. 2003 అక్టోబరులో మన నగరంలోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో స్వర్ణం గెలిచాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్కోరు సమానమై కూడా లెక్కలో వెనకబడి ఫైనల్ చేరలేదు. అదే పోటీలో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టాడు, వ్యక్తిగత పోటీలో మన దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం అది. నారంగ్ 2012లో లండన్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. ఆయన తల్లిదండ్రులు ఒక స్థలం అమ్మి కొడుక్కి రైఫిల్ కొన్నారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి.

ఆ వార్త మనలాంటి వాళ్ళ మీద బాగా పనిచేసింది. మనలో చాలామందికి మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎక్కడో ఒకచోట రెండు వందల గజాలు వుంది. నాకు ఫోన్ చేసిన నలుగురిలో ఒకాయన తుర్కపల్లి వైపున్న ప్లాటు బేరం పెట్టే ఆలోచనలో వున్నాడు. మనవడు నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలు! అయ్యా, నారంగ్ తల్లిదండ్రులు అమ్మినప్పుడు వాళ్ళ అబ్బాయి చేతిలో ఏముందో వాళ్ళకు తెలుసు. మూడు నెలల వాడికి క్లబ్బు రైఫిల్ చాలు. ప్లాటు అలాగే వుండనివ్వండి.

ఇప్పుడు నా సంగతి. మా మనవరాలికి అప్పుడు పదమూడేళ్ళు. ఔటర్ రింగు రోడ్డు మీదుగా గచ్చిబౌలి వైపు శిక్షణకు తీసుకువెళ్ళేవాణ్ణి. మన వైపు నుంచి పోనూరానూ సగం రోజు. ఎనిమిది నెలలు అక్కడి రైఫిల్‌తోనే కొట్టింది. స్కోరు పెరిగింది. అక్కడి రైఫిల్ ముగ్గురు పిల్లలు పంచుకోవాలి, ఒక్కొక్కరికి ఒక్కో కొలతకు మార్చాలి. "తాతా, నాకంటూ ఒకటి వుంటే ఇంట్లో కూడా చేసుకోవచ్చు కదా" అన్నది. మా ఆవిడ వద్దన్నది, కోడలు ఏమీ అనలేదు. నేను సరే అన్నాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఆ పిల్ల పేరున దాచి వుంచాను.

శిక్షకుడికి చెప్పకుండానే ఒకరి ద్వారా ఒకరు తెలిసి, నగరంలో ఒక యింటికి వెళ్ళాను. అక్కడే తప్పు మొదలైంది. రాత్రి ఏడున్నర. హాల్లో సోఫా మీద పెట్టె తెరిచారు. లోపల నల్లని నురుగు మధ్య మెరిసిపోతున్న జర్మన్ రైఫిల్. గేజీ ముల్లు సరిగ్గా 200 మీద వుంది. "అంకుల్, మా అబ్బాయి చదువుకి విదేశం వెళ్ళిపోయాడు, వాడింది తక్కువ" అన్నారు. చాయ్ ఇచ్చారు. లక్షా పది వేలకు బేరం కుదిరింది. ఒక్క గుండు కూడా కొట్టి చూడలేదు. పిల్లని కూడా తీసుకువెళ్ళలేదు, ఆశ్చర్యపరుద్దామని.

మూడో రోజు ఉదయానికి గేజీ ముల్లు 60కి దిగింది. ఆదివారం రేంజికి తీసుకువెళితే శిక్షకుడు రైఫిల్ చేతిలోకి తీసుకుని ముందు చూసింది గొట్టాన్ని కాదు, ట్రిగ్గర్‌ని కాదు. కిందనున్న గాలి సిలిండరును తిప్పి, సెల్ ఫోన్ లైటు వేసి, చెక్కిన అంకెలు చదివాడు. "పెద్దాయనా, ఇది 2009ది. గడువు పోయి చాలా ఏళ్ళయింది. దీన్ని నేను ఇక్కడ నింపనివ్వను" అన్నాడు.

సోదరులారా, 34 ఏళ్ళు ప్రెషర్ గేజీలు సరిచూసినవాణ్ణి. పరీక్ష తేదీ దాటిన సిలిండరు షాపులోకి వస్తే గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపినవాణ్ణి. యింటికొచ్చే గ్యాసు బండ మీద ఎ, బి, సి, డి అక్షరాలూ పక్కన రెండు అంకెలూ చూడకుండా తీసుకోవద్దని మా వీధిలో అందరికీ పాఠం చెప్పినవాణ్ణి. అక్షరం మూడు నెలల కాలానికి, అంకెలు సంవత్సరానికి గుర్తు అని మీలో కొందరికి నేనే చెప్పాను. నా మనవరాలు చెంప ఆన్చుకునే రైఫిల్ మీది తేదీ మాత్రం నేను చూడలేదు.

ఆ సిలిండరే ఇప్పుడు మీ మధ్యకు పంపుతున్నాను. భయపడకండి, గాలంతా వదిలించి వాల్వు తీయించాను. వాయుకోశం, కంపెనీ గుర్తు పక్కన నెల, సంవత్సరం సన్నగా వుంటాయి. కళ్ళజోడు పెట్టుకుని వెతకండి. సాధారణంగా ఇందులో నింపేది 200 బార్లు. మన కారు టైర్లో వుండేది రెండు బార్లు. అంటే దాదాపు వంద రెట్లు. అల్యూమినియం సిలిండరు నింపినప్పుడల్లా కొంచెం సాగుతుంది, ఖాళీ అయినప్పుడు కుంచించుకుంటుంది. కంటికి కనపడదు. అందుకే పేరున్న కంపెనీలు చాలావరకు తయారైన నాటి నుంచి పదేళ్ళు అని గడువు పెడతాయి. మీరు చూస్తున్నదానికి ఎంత గడువో దాని మీద గుర్తూ, కంపెనీ ఇచ్చిన పుస్తకమూ చూసి తేల్చుకోవాలి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లో కూడా సిలిండరు గడువులో వుండేట్టు చూసుకునే బాధ్యత పోటీదారుదేనని వుంది. పైకి ఎంత మెరిసినా, "ఏమీ కాదండీ, అందరూ వాడుతున్నారు" అని ఎంతమంది అన్నా, గడువు దాటినదాన్ని రైఫిల్‌తో వచ్చిన ఖాళీ సీసాగా లెక్క కట్టండి. కొత్త సిలిండరు ధర బేరంలో తగ్గించండి. నాకు ఇరవై ఎనిమిది వేలు అయింది.

నింపడం గురించి కూడా ఒక ముక్క. ఈతగాళ్ళు వాడే పెద్ద సిలిండరు నుంచి గాని, చేతిపంపుతో గాని పొడి గాలి నింపాలి. తేమ లోపలికి పోతే తుప్పు పడుతుంది, సీళ్ళు పాడవుతాయి. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ చవగ్గా నింపుతామన్నారని ఒకాయన నన్ను అడిగాడు. వద్దు, వద్దే వద్దు. మా ఫ్యాక్టరీలో ఆక్సిజన్ వాల్వుకు నూనె చెయ్యి తగలనిచ్చేవాళ్ళం కాదు. రైఫిల్ లోపల గ్రీజు వుంటుంది. రెండూ కలిస్తే నిప్పు.

సిలిండరు మార్చాక అంతా అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ రైఫిల్ ఆరడుగుల మనిషికి అమర్చినది. పోటీ నియమాల ప్రకారం రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. ఇది నాలుగున్నర పైన వుంది. మా పిల్ల శిక్షణలో వాడినది అంతకంటే తేలిక, పొట్టిది. ఇది భుజానికి ఆనించే భాగం చివరిదాకా లోపలికి నెట్టినా పిల్లకు పొడుగే. వేలు ట్రిగ్గర్‌కు అందడానికి మెడ ముందుకు సాచేది, బరువు ఆపడానికి నడుము వెనక్కి వంచేది. పాపం, తాత కొన్నాడని నోరు విప్పలేదు. రెండు నెలలకు నడుము నొప్పి అని పడుకుంది. డాక్టరు ఆరు వారాలు రైఫిల్ ముట్టుకోవద్దన్నాడు. ఆ ఏడాది రాష్ట్ర పోటీలు పోయాయి. డబ్బు సంగతి నేను మరిచిపోగలను గాని, పిల్ల పక్కమీద పడుకుని "నా తప్పే తాతా, నేనే సరిగ్గా నిలబడలేదు" అన్న మాట మరిచిపోలేను.

కనుక రైఫిల్ చూడడానికి వెళ్ళేటప్పుడు పిల్లనో పిల్లవాణ్ణో వెంట తీసుకువెళ్ళండి. ఆశ్చర్యపరచడాలు పుట్టినరోజు కేకుతో సరిపెట్టండి. మోచేయి మడిచి, వెనక పలకను మోచేతి వంపులో ఆనిస్తే చూపుడు వేలి కొస ట్రిగ్గర్‌కు హాయిగా అందాలి. తరువాత పిల్లని కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి చెంప ఆన్చమనండి. కళ్ళు తెరిస్తే వెనక సైటు చిల్లులోంచి ముందు వలయం నేరుగా కనపడాలి. తల వంచాలన్నా, ఎత్తాలన్నా, చెంప చెక్క ఎంతవరకు కదులుతుందో చూడండి. కదిలించే మరలు అరిగిపోయి బిగుసుకుపోకుండా వున్నాయేమో చూడండి. ఎడమచేతి వాటం వాళ్ళకు ఎడమ రైఫిల్ వేరే వుంటుంది. కుడిదాన్నే సర్దుకోమనకండి. పెరిగే పిల్లలకు ఒకటిన్నర, రెండేళ్ళలో కొలతలు మారతాయి, అందుకని రెండు వైపులా జరిగే అవకాశం వున్నది కొనాలి. ఒంటికి సరిపోని పెద్ద పేరు కన్నా సరిపోయే చిన్న పేరు మేలు. బరువు విషయంలో శిక్షకుడి మాటే చివరి మాట.

రకాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1960లు, 70లలో వచ్చినవి స్ప్రింగువి. ఫైన్‌వెర్క్‌బౌ 300 అని ఇప్పటికీ పెద్దవాళ్ళు ప్రేమగా చెప్పుకునే రైఫిల్ ఆ జాతిది. తరువాత వచ్చినవి పక్కనున్న మీటను ఒక్కసారి లాగి మూస్తే గాలి నొక్కుకునేవి. వాల్తర్ ఎల్‌జీఆర్, 1980ల నాటి ఫైన్‌వెర్క్‌బౌ 600 వరస ఇవే. మధ్యలో కొంతకాలం కార్బన్ డయాక్సైడుతో పనిచేసేవి వచ్చాయి, వాటి జోలికి పోకండి. 1990ల చివరి నుంచి గాలి సిలిండరువి రాజ్యమేలుతున్నాయి. నాలాగా రిటైరై సరదాకి కాగితం మీద కొట్టాలనుకునేవారికి మీట రకం బాగుంటుంది. సిలిండరు లేదు, గడువు లేదు, నింపించే తిప్పట లేదు. సీళ్ళు బాగుంటే గుండు గుండుకూ వేగం తేడా రాదు. పిల్లలకు మాత్రం అరవైసార్లు, దానికి ముందు సన్నాహంలో ఇంకొన్నిసార్లు ఆ మీట లాగడం చేతికి శ్రమ. వాళ్ళకు సిలిండరుదే కొనాలి.

అమ్మేవారి యింట్లో సోఫా మీద బేరం వద్దు. రేంజిలో కలుద్దామనండి. రానంటే అక్కడితో వదిలేయండి. ముందురోజు సాయంత్రం సిలిండరు నింపి గేజీ ఫోటో తీసి పంపమనండి, మర్నాడు పొద్దున ముల్లు ఎక్కడుందో చూడండి. రాత్రి చల్లదనానికి కొంచెం తగ్గితే పరవాలేదు గాని, పదీ ఇరవై బార్లు పడిపోతే ఎక్కడో కారుతున్నట్టే. తరువాత రైఫిల్‌ను కదలకుండా ఇసుక సంచి మీద ఆనించి, పది మీటర్లలో ఒకే గురికి అయిదు గుండ్లు కొట్టించండి. అయిదూ కలిసి ఒకే చిల్లు కావాలి. కందిగింజకూ శనగగింజకూ మధ్య సైజు అయితే సంతోషం. చెల్లాచెదరైతే వెంటనే గొట్టాన్ని తిట్టకండి. చదును ముక్కు పెల్లెట్లలోనే 4.49, 4.50 అని తల కొలతలు తేడాగా వస్తాయి, రెండు మూడు రకాల డబ్బాలు తీసుకువెళ్ళి మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే అప్పుడు తిట్టండి. వేగం కొలిచే యంత్రం దొరికితే పది గుండ్లు కొలవండి. సుమారు సెకనుకు 170 మీటర్లు వుండాలి. అంకె కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు గాని, ఒకటి 172, తరువాతది 160, ఆ తరువాతది 168 అని గెంతులు వేస్తుంటే లోపల రెగ్యులేటరో సీలో మార్చాలి.

సైటు సగం రైఫిల్. కొంతమంది మంచి సైటు తీసి దాచుకుని నాసిరకం పెట్టి అమ్ముతారు. మీటలు తిప్పితే ప్రతి క్లిక్కూ వేలికి తెలియాలి. పది క్లిక్కులు కుడికి, మళ్ళీ పది ఎడమకు తిప్పితే గుండు మొదటి చోటికే రావాలి. బీజింగ్ ఫైనల్‌కు ముందు తన సన్నాహపు గుండు ఎక్కడికో పోయిందనీ, సైటు చెదిరిందనీ బింద్రాయే తరువాత చెప్పుకున్నాడు. అంతటివాడు గనుక ఆ కొద్ది నిమిషాల్లో సర్దుకున్నాడు. మన పిల్లలు ఏడుస్తారు. ట్రిగ్గర్ సంగతి శిక్షకుడికి వదిలేయండి. గాలి ఖర్చు లేకుండా ట్రిగ్గర్ మాత్రం నొక్కి చూసే ఏర్పాటు చాలా రైఫిళ్ళలో వుంటుంది, ఇంట్లో సాధనకు అదే ముఖ్యం, అది పనిచేస్తున్నదో లేదో మాత్రం మీరు అడగండి.

ఇక కాగితాలు. గుండు బరువు అర గ్రాముకు కొంచెం ఎక్కువ, వేగం 170 మీటర్లు. మనం బడిలో నేర్చుకున్న సూత్రంతో కడితే ఏడున్నర జౌళ్ళు వస్తుంది. మన దేశంలో 0.177 అంగుళాల గొట్టం, ఇరవై జౌళ్ళ లోపు శక్తి వున్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రాన చీటీ ముక్క మీద కొనకండి. మొదటి బిల్లు, నంబరు వేసి రాసిన అమ్మకం కాగితం, ఇద్దరి గుర్తింపు నకళ్ళు వుండాలి. సుంకం మినహాయింపు మీద విదేశం నుంచి తెప్పించినదైతే తిరిగి అమ్మడానికి షరతులు వుండవచ్చు, ఆ పత్రాలు అడిగి చదవండి. పెట్టెలో పెట్టి తాళం వేసి తీసుకువెళ్ళండి. శామీర్‌పేట చెరువు గట్టు మీద మా చిన్నప్పుడు బాతుల్ని కొట్టిన పెద్దమనుషుల్ని నేనెరుగుదును. వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు అది నేరం. మనవడు రైఫిల్ పట్టుకుని డాబా మీద పిట్టల వైపు చూస్తే ఆ రోజే రైఫిల్ అలమారలో పెట్టి తాళం మీ దగ్గర వుంచుకోండి.

మా రైఫిల్ కథ అడుగుతారని తెలుసు. కొత్త సిలిండరు వేయించాం, పొట్టి వెనక భాగం వేరే తెప్పించాం. మొత్తం లక్షన్నర దాటింది. పిల్ల నడుము నయమైంది. మొదటి రెండు నెలలు మళ్ళీ రేంజివారి తేలిక రైఫిల్‌తోనే కొట్టింది. ఇప్పుడు ఎత్తు పెరిగింది, ఆ జర్మన్ రైఫిల్ సరిపోతున్నది. నన్ను మాత్రం ఏ సామాను కొనడానికీ ఒంటరిగా పంపరు. మొన్న మిక్సీకి కూడా కోడలు వెంట వచ్చింది.

మన సభ్యుల్లో ఎవరైనా పాత రైఫిల్ చూడడానికి వెళుతుంటే ఆదివారం తప్ప ఏ రోజైనా నేను వస్తాను. ఆదివారం పిల్లకు శిక్షణ. భూతద్దం, టార్చి, స్టీలు స్కేలు నా సంచిలో ఎప్పుడూ వుంటాయి. చాయ్ మాత్రం బేరం అయ్యాక తాగుదాం.

నేను పంపిన సిలిండరు ఇంకా వెనక్కి రాలేదు. ఆఖరి వరుసలో ఎవరి దగ్గర ఆగిందో చూసి ఇటు పంపించండి.